24 గంటల పెరుగు: ఆరు గంటలకే తోడుకున్నా ఎందుకు తీయకూడదు? కడుపు జబ్బుల డైట్‌లో దీని లెక్కేంటి?

పెరుగు తోడు వేయడం తెలుగిళ్లలో ఎవరూ ఎవరికీ ప్రత్యేకంగా నేర్పరు. రాత్రి పాలు కాచి, గోరువెచ్చగా అయ్యాక చెంచాడు తోడు కలిపి మూత పెడితే తెల్లారేసరికి గడ్డ పెరుగు రెడీ. కమ్మగా ఉంటే బాగా కుదిరినట్టు. పుల్లగా ఉంటే ఫ్రిజ్‌లో పెట్టడం లేటయినట్టు. మనింట్లో లెక్క ఇంతే.

ఈ లెక్క పూర్తిగా తలకిందులయ్యే పెరుగు ఒకటుంది. ఒక సీన్ ఊహించుకోండి. కొడుకు అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. పేగుల్లో వాపు జబ్బు. డైటీషియన్ చెప్పారని 24 గంటల పెరుగు పెట్టాడు. హైదరాబాద్ నుంచి వీడియో కాల్‌లో చూస్తున్న అమ్మకు ఆరో గంటకే కంగారు. "ఒరేయ్, తోడుకుంది కదరా, తీసి ఫ్రిజ్‌లో పెట్టు, పులిసిపోతుంది" అంటుంది. "పులవాలనేనమ్మా ఇదంతా" అంటాడు వాడు.

నిజమే, ఈ పెరుగు పులవాలి. బాగా పులవాలి. ఎందుకంటే ఇక్కడ రుచి కోసం కాదు, పాలలో ఉండే చక్కెరను వీలైనంత ఖాళీ చేయడం కోసం తోడు వేస్తున్నారు. ఈ ఒక్క ముక్క అర్థం కాకపోతే రోజంతా ఆగి చేసిన పని వృథా అవుతుంది. అసలు అవసరం లేనివాళ్లు ఒక వీడియో చూసి అన్నం మానేసే ప్రమాదం కూడా ఉంది.

ఇంతకీ ఏంటీ డైట్?

దీన్ని స్పెసిఫిక్ కార్బోహైడ్రేట్ డైట్ అంటారు. పొట్టిగా ఎస్‌సీడీ. దీని మూలాలు న్యూయార్క్‌లో ఉన్నాయి. సిడ్నీ హాస్ అనే పిల్లల డాక్టర్ 1924లో సీలియాక్ జబ్బు ఉన్న పిల్లలకు అరటిపండు ప్రధానంగా ఉండే ఆహారం పెట్టి ఫలితాలు ప్రచురించారు. గోధుమలోని గ్లూటెన్ ఈ జబ్బుకు కారణమని అప్పటికి ఎవరికీ తెలియదు. ఆ తర్వాత గ్లూటెన్ సంగతి బయటపడటంతో హాస్ డైట్‌ను వైద్య ప్రపంచం దాదాపు మర్చిపోయింది.

దాన్ని మళ్లీ జనంలోకి తెచ్చింది ఒక తల్లి. ఎలైన్ గాట్‌షాల్ చిన్న కూతురికి అల్సరేటివ్ కొలైటిస్ వచ్చింది. 1950ల చివర్లో ఆమె అప్పటికే బాగా వృద్ధుడైన డాక్టర్ హాస్ దగ్గరికి కూతుర్ని తీసుకెళ్లారు. ఆయన చెప్పిన ఆహారంతో కూతురు కోలుకుంది. గాట్‌షాల్ అక్కడితో ఆగలేదు. నలభైల వయసులో యూనివర్సిటీలో చేరి సైన్స్ చదివారు. 1987లో పుస్తకం రాశారు. అదే తర్వాత 'బ్రేకింగ్ ద విషియస్ సైకిల్' పేరుతో వచ్చింది. ఇవాళ ఎస్‌సీడీ పాటించేవాళ్లకు అదే ప్రధాన గ్రంథం.

ఆమె వాదన ఇది: సరిగ్గా అరగని పిండి పదార్థాలు, చక్కెరలు పేగుల్లో మిగిలిపోతే బ్యాక్టీరియా వాటిని తిని పెరుగుతుంది. దాంతో వాపు ఎక్కువవుతుంది. వాపు వల్ల అరుగుదల ఇంకా తగ్గుతుంది. ఇదొక విషవలయం. కాబట్టి విడగొట్టే పని లేకుండా పేగు నేరుగా పీల్చుకునే చక్కెరలే తినాలి. తేనె ఓకే, పంచదార వద్దు, బెల్లం కూడా వద్దు. పండ్లు ఓకే, బియ్యం, గోధుమ, జొన్న, రాగి, మొక్కజొన్న, బంగాళాదుంప, సగ్గుబియ్యం ఏవీ వద్దు. పాలు వద్దు, 24 గంటల పెరుగు మాత్రం కావాలి.

ఇది ఒక సిద్ధాంతం. పూర్తిగా రుజువైన విషయం కాదు. ఆ సంగతి తర్వాత చూద్దాం. ముందు పెరుగు.

గడ్డకట్టడం వేరు, చక్కెర అయిపోవడం వేరు

అమ్మకూ కొడుక్కూ గొడవ వచ్చింది ఇక్కడే. పాలు తోడుకున్నాయంటే పని అయిపోయిందని అందరూ అనుకుంటారు. కానీ గడ్డకట్టడానికి కావాల్సింది పులుపే. తోడులోని బ్యాక్టీరియా పాలలోని లాక్టోస్ అనే చక్కెరను తిని లాక్టిక్ యాసిడ్ వదులుతుంది. పాల పీహెచ్ సుమారు 6.7 ఉంటుంది. యాసిడ్ పెరిగేకొద్దీ అది పడిపోతూ 4.6 దగ్గరికి వచ్చేసరికి పాలలోని కేసిన్ అనే ప్రోటీన్ గడ్డకడుతుంది. కంటికి కనిపించే పెరుగు అదే.

ఆ సమయానికి లాక్టోస్ ఎంత ఖర్చయి ఉంటుంది? 100 మిల్లీలీటర్ల పాలలో సుమారు 4.5 నుంచి 5 గ్రాముల లాక్టోస్ ఉంటుంది. మామూలుగా తోడుకున్న పెరుగులో అందులో పావు వంతో, మూడో వంతో పోతుంది. మిగతాదంతా పెరుగులోనే ఉంటుంది. 100 గ్రాముల మామూలు పెరుగులో 3 నుంచి 4 గ్రాముల లాక్టోస్ ఉండటానికి కారణం ఇదే. అంటే ఆరు గంటల పెరుగు చూడటానికి రెడీ, చక్కెర లెక్కలో సగం దారి కూడా దాటలేదు!

అందుకే ఇంకా ఆగాలి. సరైన వేడిలో 24 గంటలు ఉంచితే బ్యాక్టీరియా లాక్టోస్‌ను తింటూనే ఉంటుంది. అయితే మరీ పులుపెక్కితే ఆ యాసిడ్‌కు బ్యాక్టీరియా కూడా నెమ్మదిస్తుంది. కాబట్టి 24 గంటల పెరుగులో లాక్టోస్ బాగా తగ్గుతుంది అనొచ్చు కానీ, ఇంట్లో చేసిన ప్రతి గిన్నెలోనూ అది సున్నా అని గ్యారంటీ ఇవ్వలేం. 'పూర్తిగా లాక్టోస్ ఫ్రీ' అని కొన్ని వీడియోల్లో చెప్పేది కొంచెం ఎక్కువ చేసి చెప్పడమే.

లాక్టోస్‌తో అసలు ఇబ్బంది ఏంటంటే, దాన్ని విడగొట్టే లాక్టేజ్ అనే ఎంజైమ్ చిన్నపేగు లోపలి పొర మీద ఉంటుంది. చాలామందిలో వయసుతో పాటు అది తగ్గిపోతుంది. మన దేశంలో ఉత్తరాది కంటే దక్షిణాదిలో ఈ సమస్య ఎక్కువ. క్రోన్స్ లాంటి జబ్బులో ఆ పొర వాచి దెబ్బతింటే, అంతవరకూ పాలు హాయిగా తాగినవాళ్లకు కూడా ఎంజైమ్ తగ్గొచ్చు. అరగని లాక్టోస్ పెద్దపేగులోకి చేరి నీటిని లాగుతుంది, గ్యాస్ పుట్టిస్తుంది. ఉబ్బరం, నొప్పి, నీళ్ల విరేచనాలు. పేగువాపు ఉన్న మనిషికి ఇక్కడో పెద్ద తలనొప్పి: ఈ మోషన్స్ జబ్బు తిరగబెట్టడం వల్లా, నిన్న తాగిన గ్లాసు పాల వల్లా? రెండూ ఒకేలా కనిపిస్తాయి.

అసలు కష్టం వేడి దగ్గరే

24 గంటలు గిన్నె అలా వదిలేస్తే సరిపోదా అంటే, సరిపోదు. ఈ డైట్ పెరుగుకు మొదటి నుంచి చివరిదాకా 38 నుంచి 43 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి. తగ్గితే బ్యాక్టీరియా బద్ధకిస్తుంది. 50 దాటితే చచ్చిపోతుంది. చిక్కేంటంటే, రెండు సందర్భాల్లోనూ గిన్నెలో ఏదో గడ్డలా కనిపించొచ్చు. కంటికి పెరుగే, లోపల చక్కెర అలాగే ఉంటుంది.

"మన దగ్గర ఎండలకు వేరే వేడి ఎందుకు" అనిపించడం సహజం. మే నెల మధ్యాహ్నం హైదరాబాద్ 40 దాటుతుంది, నిజమే. కానీ అదే రోజు తెల్లవారుజామున 27, 28కి పడిపోతుంది. జనవరిలో అయితే రాత్రి 15 దగ్గర ఉంటుంది, ఆదిలాబాద్ వైపు చలి ముదిరితే 10 లోపే. చలికాలంలో తోడు గిన్నెను బియ్యం డబ్బాలో పెట్టే పాత చిట్కా రాత్రికి పనికొస్తుంది, 24 గంటలకు చాలదు.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఇది తేలిక. ఇన్‌స్టంట్ పాట్‌లో యోగర్ట్ బటన్ ఉంటుంది. కాకపోతే అది మామూలుగా 8 గంటలకే సెట్ అయి ఉంటుంది. టైమ్‌ను 24కి మార్చాలి. మార్చకుండా నిద్రపోతే తెల్లారేసరికి మెషిన్ ఆగిపోయి ఉంటుంది. ఇక ఓవెన్‌లో లైట్ వేసి పెట్టడం అక్కడ బాగా పాపులర్ చిట్కా. పాత ఫిలమెంట్ బల్బు అయితే వేడి వస్తుంది. కొత్త ఓవెన్లలో ఎల్‌ఈడీ ఉంటే వెలుగే తప్ప వేడి రాదు. ఈ తేడా చాలామంది గమనించరు.

ఇక్కడైతే కరెంటుతో నడిచే యోగర్ట్ మేకర్ కొనుక్కోవచ్చు. కొనేముందు ఎన్ని గంటలు నడుస్తుందో చూడండి, 12 గంటలకే ఆగిపోయేవి ఉంటాయి. మెషిన్ వద్దనుకుంటే థర్మకోల్ పెట్టె. అందులో మూత పెట్టిన పాల గిన్నె, పక్కన వేడినీళ్ల సీసాలు, మూడు నాలుగు గంటలకోసారి నీళ్లు మార్చడం. అర్ధరాత్రి కూడా లేవాలి మరి! ఇంట్లో రెండో మనిషి సాయం లేకపోతే ఈ పద్ధతి ఎక్కువ రోజులు నడవదు.

ఏ పద్ధతైనా సరే, పాలు వృథా చేసుకునే ముందు నీళ్లతో ట్రయల్ వేయాలి. లీటరు గోరువెచ్చని నీళ్లు గిన్నెలో పోసి, పెరుగు పెట్టినట్టే పెట్టి, కొన్ని గంటలకోసారి కిచెన్ థర్మామీటర్‌తో చూడండి. 38కి 43కి మధ్య నిలబడితే మీ ఏర్పాటు బాగుంది. థర్మామీటర్ లేకుండా ఈ పెరుగు మొదలుపెట్టొద్దు. మన చిటికెన వేలి పరీక్ష మామూలు పెరుగుకు బంగారం లాంటిదే కానీ, 43కీ 50కీ తేడా వేలికి కచ్చితంగా తెలియదు.

మధ్యలో కరెంటు పోతే? గంట, గంటన్నర అయితే మందపాటి దుప్పటి చుట్టి వదిలేయొచ్చు. ఎక్కువసేపు పోయి గిన్నె చల్లబడితే, అప్పటికే తోడుకుని పుల్లగా ఉంటే అన్ని గంటలు కలిపి కొనసాగించండి. ఇంకా పాలుగానే ఉంటే పారబోయడమే మంచిది.

పాలు, తోడు ఎంచుకోవడంలో తిరకాసు

ఆవు పాలైనా, మేక పాలైనా, గేదె పాలైనా ఫర్వాలేదు. లాక్టోస్ అన్నిట్లో ఇంచుమించు ఒకటే. ప్యాకెట్ పాలలో టోన్డ్ మిల్క్‌కు 3 శాతం, ఫుల్ క్రీమ్‌కు 6 శాతం వెన్న ఉంటుంది. మోషన్స్ ఎక్కువగా ఉన్నప్పుడు కొవ్వు తక్కువ ఉన్న పాలతో మొదలుపెట్టడం కొందరికి తేలికగా ఉంటుంది. గట్టిగా రావాలని పాలపొడి మాత్రం కలపొద్దు. అది లాక్టోస్‌ను ఇంకా పెంచుతుంది. విడిగా పోయించుకునే పాల మీద అనుమానం ఉంటే, కొన్ని పాలను నీళ్లు కలిపి మరిగించి చల్లార్చి రెండు మూడు చుక్కల టింక్చర్ అయోడిన్ వేయండి. నీలం రంగు వస్తే పిండి కలిసినట్టే. పిండి పదార్థం మానేసిన పేషెంట్‌కు అది పాలలో దొరకడం కంటే అన్యాయం ఏముంటుంది?

తోడు విషయంలో ఇంట్లో పెద్దవాళ్లకు కాస్త బాధ కలగొచ్చు. ఏళ్ల తరబడి వాడుతున్న ఇంటి తోడు ఇక్కడ మంచి ఎంపిక కాదు. అందులో ఏ బ్యాక్టీరియా ఎంత ఉందో ఎవరికీ తెలియదు. మన గది వేడిలో కమ్మటి పెరుగునిచ్చే రకాలు 40 డిగ్రీల్లో అంత చురుగ్గా పనిచేయకపోవచ్చు. ఈ డైట్‌కు కావాల్సినవి లాక్టోబాసిలస్ బల్గారికస్, స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్. ఈ రెండూ వేడి ఇష్టపడే జాతులు. ఎసిడోఫిలస్ ఉన్నా పర్వాలేదు. వీటితో తయారైన పొడి కల్చర్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. లేదా పంచదార, ఫ్లేవర్, పిండి, చిక్కదనం కోసం వేసే పదార్థాలు లేని ప్లెయిన్ ప్యాకెట్ పెరుగు తీసుకోవచ్చు.

ప్రోబయోటిక్ అని రాసి ఉంటే ఇంకా మంచిది కదా అనుకునేరు. లేబుల్ మీద బిఫిడోబాక్టీరియం ఉంటే ఎస్‌సీడీ నియమాల ప్రకారం వాడకూడదు. పేగులో అది అతిగా పెరుగుతుందేమోనన్న జాగ్రత్తతో పెట్టిన నియమం ఇది. మిగతావాళ్లకు అది చెడ్డదని అర్థం కాదు.

ఇలా చేయాలి

లీటరు పాలను అడుగంటకుండా కలుపుతూ కాచాలి. ఒక పొంగు వచ్చాక మంట తగ్గించి మరో రెండు మూడు నిమిషాలు ఉంచితే ఇతర సూక్ష్మజీవులు చస్తాయి, పెరుగు కూడా చిక్కగా వస్తుంది. పచ్చిపాలతో ఈ పెరుగు ఎప్పుడూ వేయొద్దు. 24 గంటలు వెచ్చగా ఉంచే గిన్నెలో తోడు బ్యాక్టీరియా మాత్రమే పెరగాలి, వేరేది కాదు. గిన్నె, గరిటె, మూత అన్నీ మరిగే నీళ్లతో కడిగినవై ఉండాలి.

పాలు 40 డిగ్రీల దగ్గరికి చల్లారాక, మీగడ తీసేసి, పావు కప్పు పెరుగును కొద్ది పాలలో చిలికి మిగతా పాలలో కలపాలి. పొడి కల్చర్ అయితే ప్యాకెట్ మీద చెప్పినంతే. ఎక్కువ వేస్తే త్వరగా అవుతుందన్నది భ్రమ. తోడు కలిపిన టైమ్ గిన్నె మీద కాగితం అంటించి రాసుకోండి. ఆదివారం ఉదయం 9.30కి కలిపితే సోమవారం ఉదయం 9.30 వరకూ కదపకూడదు. ఓ గంటో రెండు గంటలో ఎక్కువైనా నష్టం లేదు. తక్కువ మాత్రం కాకూడదు.

తీసిన వెంటనే కలపకుండా ఫ్రిజ్‌లో ఏడెనిమిది గంటలు ఉంచితే గట్టిపడుతుంది. పైన పసుపుపచ్చని నీరు తేలితే భయపడక్కర్లేదు. గట్టిగా కావాలంటే పల్చటి గుడ్డలో మూటగట్టి ఫ్రిజ్‌లోనే గిన్నె మీద వేలాడదీయండి. వారంలోపు వాడేయాలి. గులాబీ, నారింజ రంగు మచ్చలు కనిపించినా, బూజు వచ్చినా, వాసన తేడాగా ఉన్నా పైపైన తీసేసి తినే సాహసం చేయొద్దు, మొత్తం పారేయాలి. తర్వాతిసారి తోడుకు ఈ పెరుగే వాడాలనిపిస్తుంది కానీ, ప్రతిసారీ కొత్త కల్చర్ వాడితేనే రకం మారిపోదు.

తినడం మొదలుపెట్టేది గిన్నెతో కాదు, టీస్పూన్‌తో. మొదటి రోజు ఒక టీస్పూన్. ఇబ్బంది లేకపోతే రెండు మూడు రోజులకోసారి కొంచెం పెంచుకుంటూ పోవాలి.

పెరుగుంది, అన్నమేది?

తెలుగువాళ్లకు ఈ డైట్‌లో అసలు దెబ్బ ఇదే. పెరుగు గిన్నె ముందుంది, కలుపుకోవడానికి అన్నం లేదు. ఇడ్లీ లేదు, దోసె లేదు, చపాతీ లేదు. పులిసిన పెరుగు అనగానే మనకు గుర్తొచ్చేది మజ్జిగ పులుసు. అందులో చిక్కదనానికి వేసేది శనగపిండో, బియ్యప్పిండో. రెండూ కుదరవు. పిండి లేకుండా చేస్తే మంట మీద పెరుగు విరిగిపోతుంది. కాబట్టి సొరకాయో, గుమ్మడికాయో మెత్తగా ఉడికించి, దించి చల్లారాక చిలికిన పెరుగు కలపడమే మార్గం. ఒకరకంగా పెరుగు పచ్చడే.

తాలింపులో మినపప్పు, శనగపప్పు తీసేయాలి. నెయ్యి, జీలకర్ర, కరివేపాకు, అల్లంతో సరిపెట్టుకోవాలి. ఇంగువ దగ్గర చాలామంది పప్పులో కాలేస్తారు. మార్కెట్లో దొరికే ఇంగువ పొడి ఎక్కువగా కాంపౌండెడ్ రకం. అంటే అందులో అసలు ఇంగువ కొంచెమే, మిగతాది జిగురు, గోధుమ పిండి లేదా బియ్యప్పిండి. డబ్బా వెనక పదార్థాల వరుస చదివితే కనిపిస్తుంది. ఇంట్లో అన్నం, గోధుమ మానేసి నెలరోజులుగా కష్టపడుతూ, చిటికెడు ఇంగువలో రోజూ గోధుమ తింటున్నవాళ్లు ఉండొచ్చు.

తీపి కావాలంటే బాగా మాగిన అరటిపండు. తొక్క మీద నల్లమచ్చలు వచ్చేదాకా ఆగాలి. పచ్చిగా ఉన్నప్పుడు అందులో ఉండే పిండి, పండేకొద్దీ చక్కెరగా మారుతుంది. దాన్ని చిదిమి, పెరుగులో కలిపి, అర చెంచా తేనె వేసుకుంటే పులుపు కాస్త తగ్గుతుంది. క్యాలీఫ్లవర్ తురిమి ఆవిరి మీద ఉడికించి పెరుగన్నంలా కలుపుకోవడం కూడా ఉంది. రుచి సంగతి పక్కన పెడితే చూడటానికి అన్నంలాగే ఉంటుంది. గ్యాస్ చేసే కూర కాబట్టి మొదటి వారాల్లో మాత్రం వద్దు.

ముందు మీ డైట్ పేరు తెలుసుకోండి

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. కడుపులో తేడా చేసిన ప్రతివాళ్లకూ ఈ పెరుగు అక్కర్లేదు. అన్నం మానాల్సిన పని అసలే లేదు.

పాలు పడవు, అంతే సమస్య అయితే చాలామందికి ఒకేసారి 12 గ్రాముల లాక్టోస్ వరకూ, అంటే ఇంచుమించు ఒక గ్లాసు పాలంత, పెద్ద ఇబ్బంది లేకుండా సరిపోతుంది. మామూలు పెరుగు ఇంకా తేలిక, ఎందుకంటే అందులోని బ్యాక్టీరియా తీసుకొచ్చే ఎంజైమ్ పేగులో కూడా లాక్టోస్‌ను విడగొడుతుంది. అన్నంలోకి మనం పోసుకునే పల్చటి మజ్జిగకు భయపడాల్సినవాళ్లు చాలా తక్కువ. అసలు లాక్టోస్ సమస్యేనా అన్నది హైడ్రోజన్ బ్రీత్ టెస్ట్‌తో తెలుస్తుంది. పాల ప్రోటీన్ అలర్జీ ఉన్నవాళ్లది వేరే కథ. వాళ్లకు 24 గంటలు కాదు, 48 గంటలు ఉంచినా ఈ పెరుగు పనికిరాదు.

ఐబీఎస్, ఐబీడీ ఒకటి కాదు. పేర్లు దగ్గరగా ఉండటంతో వీడియోల కింద కామెంట్లలో రెండూ కలిసిపోతుంటాయి. ఐబీఎస్‌లో నొప్పి, ఉబ్బరం, మోషన్స్ తేడా ఉంటాయి కానీ పేగు పొర పుండుపడదు. దానికి ఎక్కువగా చెప్పేది ఆస్ట్రేలియాలోని మోనాష్ యూనివర్సిటీ రూపొందించిన లో ఫాడ్‌మ్యాప్ డైట్. అందులో బియ్యం హాయిగా తినొచ్చు. ఉల్లిపాయ, వెల్లుల్లి మానాలి. తేనె కూడా కుదరదు. ఎస్‌సీడీలో సరిగ్గా ఉల్టా: తేనె ఓకే, బియ్యం నో. రెండు డైట్లనూ కలిపి పాటిస్తే తినడానికి దాదాపు ఏమీ మిగలదు. సీలియాక్ ఉన్నవాళ్లు మానాల్సింది గోధుమ, బార్లీ లాంటి గ్లూటెన్ ఉన్నవి. వాళ్లకు అన్నం సురక్షితం.

క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ ఐబీడీ కిందకు వస్తాయి. ఎస్‌సీడీ గురించి సీరియస్‌గా మాట్లాడేది వీటి విషయంలోనే.

రీసెర్చ్ ఏం తేల్చింది?

2021లో అమెరికాలో ఒక పెద్ద ట్రయల్ ఫలితాలు వచ్చాయి. క్రోన్స్ ఉన్న 194 మందిని రెండు గ్రూపులు చేశారు. ఒకరికి ఎస్‌సీడీ, ఇంకొకరికి మెడిటరేనియన్ డైట్, అంటే కూరగాయలు, పప్పులు, ముడిధాన్యాలు, చేపలు, ఆలివ్ నూనె. మొదటి 6 వారాలు భోజనం కూడా పరిశోధకులే సమకూర్చారు. 6 వారాలకు లక్షణాలు తగ్గినవాళ్లు ఎస్‌సీడీలో 46.5 శాతం, మెడిటరేనియన్‌లో 43.5 శాతం. అంటే చెప్పుకోదగ్గ తేడా లేదు. రక్తంలో వాపును చూపించే సీఆర్‌పీ మెరుగుపడింది మాత్రం రెండు గ్రూపుల్లోనూ కొద్దిమందికే.

దీన్ని రెండు రకాలుగా చదవొచ్చు. శ్రద్ధగా తింటే దాదాపు సగం మందికి కడుపు తేలికపడింది, అది చిన్న విషయం కాదు. కానీ ధాన్యాలు పూర్తిగా మానేసినవాళ్లకు ప్రత్యేకంగా ఒరిగింది లేదు. పాటించడం తేలిక కాబట్టి చాలామందికి మెడిటరేనియన్ పద్ధతే మేలన్నది ఆ పరిశోధకుల మాట కూడా.

అయినా ఎస్‌సీడీతో బాగున్నవాళ్లు ఉన్నారు, డైటీషియన్ పర్యవేక్షణలో కొనసాగించేవాళ్లు ఉన్నారు. వాళ్లకు పెరుగు కీలకం. పాలు మానేసినప్పుడు కాల్షియం, ప్రోటీన్ అందించేది అదే. స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లకు ఎముకలు పలచబడే ముప్పు ఉంటుంది కాబట్టి కాల్షియం ఇంకా ముఖ్యం. బరువు వారం వారం చూసుకోవాలి. ధాన్యాలు తీసేస్తే క్యాలరీలు ఒక్కసారిగా పడిపోతాయి. ఎదిగే పిల్లల విషయంలో అయితే డైటీషియన్ లేకుండా సొంతంగా మొదలుపెట్టకూడదు.

రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు, ఇంజెక్షన్లు వాడుతున్నవాళ్లు ఇంట్లో పులియబెట్టిన పెరుగు, విడిగా కొన్న కల్చర్ పొడులు మొదలుపెట్టేముందు డాక్టర్‌ను అడగాలి. బతికున్న బ్యాక్టీరియా ఆరోగ్యవంతులకు మంచిదే, తీవ్రంగా నీరసించిన శరీరానికి ప్రతిసారీ కాదు. మాత్రల్లో కూడా పిండి, లాక్టోస్ ఫిల్లర్‌గా ఉంటాయని చదివి కొందరు మందులే ఆపేస్తుంటారు. అది చాలా తక్కువ మోతాదు. మరీ అనుమానం ఉంటే వేరే బ్రాండ్ ఉందేమో ఫార్మసిస్ట్‌ను అడగొచ్చు, మాత్ర మానడం మాత్రం పరిష్కారం కాదు.

మోషన్‌లో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి నిద్రలోంచి లేపే మోషన్స్, జ్వరం, వీటిలో ఏది ఉన్నా పెరుగు గిన్నె పక్కన పెట్టి గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్ దగ్గరికి వెళ్లాలి. ఇప్పటికే చికిత్సలో ఉన్నవాళ్లు డైట్ మొదలుపెట్టే ముందు ఒకసారి, కొన్ని నెలల తర్వాత ఒకసారి రక్తపరీక్షలు, మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష చేయించుకుంటే పేగుల్లో వాపు నిజంగా తగ్గుతోందో లేదో తెలుస్తుంది. కడుపు తేలిగ్గా ఉంది కదా అని ఆ పరీక్షలు ఎగ్గొట్టొద్దు. లక్షణాలు తగ్గాక కూడా లోపల పుండ్లు మిగిలి ఉండే జబ్బు ఇది.